కెమెరా ఆపి మాట్లాడే చిట్టికి

అయనావరం,
చెన్నై

చిరంజీవి చిట్టికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని అనుకుంటున్నాం. అనుకోవడం తప్ప చేసేదేముంది, నీ దగ్గర్నుంచి బొటనవేలి బొమ్మ తప్ప ఇంకో కబురు రావడం లేదాయె.

కంగారు పడకు, విశేషం ఏమీ లేదు. అమ్మ నీకు కందిపొడి, కారప్పొడి, చింతకాయ పచ్చడి పార్సెల్ కడుతోంది. డబ్బాల మధ్య ఖాళీలో ఒక కాగితం పడుతుంది కదా అని రాస్తున్నా. ఫోన్లో అయితే రెండో మాటకే "మీటింగ్ ఉంది నాన్నా" అంటావు.

వానలు పట్టుకున్నాయి. వీధి చివర ఎప్పటిలాగే నీళ్ళు నిలిచాయి. కింద వాటా వాళ్ళు ఖాళీ చేశారు, పోతూ పోతూ మోటారు స్టార్టర్ పాడుచేసి మరీ పోయారు. శేషు మామకి రెండో కన్ను ఆపరేషన్ కూడా అయింది. ఇప్పుడు పేపర్లో సన్న అక్షరాలు సైతం చదివేసి అందరికీ ఫోన్ చేసి వినిపిస్తున్నాడు. మొన్న పెరంబూరు అత్త వచ్చింది. బుజ్జిగాడు పంపిన ఫోటో ఒకటి పట్టుకొచ్చింది.

కర్ణాటకలో కొడచాద్రి కొండ మీద నువ్వు. ఫోటో బాగుంది. వెనక రాతి మంటపం, దాని వెనక మబ్బు. "గడ్డం కింద తెల్లగా అదేమిట్రా?" అంది అత్త. ఎండ పడి ఉంటుందన్నాను. అమ్మ కళ్ళజోడు తెచ్చుకుని, ఫోన్ మీద రెండు వేళ్ళు పెట్టి జరిపి జరిపి, నీ గడ్డం ఒక్కటే తెరంతా నిండేలా చేసింది. అంత పెద్దది చేశాక అక్కడ గళ్ళు తప్ప ఏం కనిపిస్తాయి? అయినా చాలాసేపు చూసి, ఎండ కాదు, ప్లాస్టర్ అని తేల్చింది. అసలా ఫోటోలో ఎండే లేదంది. అదీ నిజమే.

సరే, అది అలా ఉంచు.

కొడచాద్రి గురించి చదివాను. 1343 మీటర్లట. ఆ మంటపాన్ని సర్వజ్ఞ పీఠం అంటారనీ, శంకరాచార్యులు అక్కడ తపస్సు చేశారని చెప్పుకుంటారనీ, కొల్లూరు మూకాంబిక గుడి అక్కడికి దగ్గరేననీ శేషు మామ చెప్పాడు. అంతదూరం పోయినదానివి అమ్మవారి దర్శనం చేసుకున్నావా లేదా అని మీ అమ్మ అడగమంది. ఆ అడవుల్లో జలగలు ఎక్కువట కదా. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకో. పట్టుకుంటే గబుక్కున పీకెయ్యకు, పుండు పడుతుంది. గోటితో పక్కనుంచి నెడితే అదే వదిలేస్తుంది. ఇవన్నీ నీకు తెలుసని నాకూ తెలుసు. చెప్పకపోతే నాకు తోచదు.

ఈ కొండల పిచ్చి దీనికి ఎక్కడిదిరా అని అత్త దీర్ఘం తీసింది. ఎక్కడిదేముంది? నిన్ను చిన్నప్పుడు సెయింట్ థామస్ మౌంట్ మెట్లెక్కించింది నేనే. ఎత్తు మూడు వందల అడుగులే, కానీ లాంబ్టన్ దొర ఈ దేశాన్ని కొలవడం మొదలుపెట్టింది దాని పక్కనే, 1802లో. నేల మీద ఏడున్నర మైళ్ళ గీత అనుకుని ఉక్కు గొలుసు పరిచి కొలిచారు. ఆ లెక్కే ఏళ్ళ తరబడి ఉత్తరానికి పాకి, చివరికి ఎవరెస్టు ఎత్తు తేల్చింది. ఇదంతా నీకు అక్కడే నిలబెట్టి చెప్పాను. అంతా విని "నాన్నా, ఐస్‌ఫ్రూట్" అన్నావు.

సైకిలు సంగతికొస్తా. నువ్వు పన్నెండు వేలన్నావు. బుజ్జిగాడు డెబ్భై అంటున్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు, చెబితే ఈ పూట బంగారం ధర ఎంతో పేపర్ తీసి చూస్తుంది. ధర పోనీ. వాడే మాటల్లో "ఆగుంబె ఘాట్ దిగుతున్నప్పుడు చిట్టి..." అని మొదలుపెట్టి, ఠక్కున ఆగి, "ఏం లేదు మామయ్యా, వ్యూ బాగుంది" అన్నాడు. వాడికి చిన్నప్పట్నుంచీ అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. ఫోన్లో చెవులు కనపడవు కాబట్టి బతికిపోయాడు.

ఘాట్ దిగడం గురించి మాత్రం నా మాట విను. ఐసీఎఫ్ బోగీ షాపులో రైలు పెట్టెలకి బ్రేకులు బిగించి రిటైరైన మనిషిని. రైలైనా సైకిలైనా, బ్రేకు గట్టిగా పట్టుకుని దిగినంత సేపూ ఆ వేడి ఎక్కడికో పోవాలి, అది బ్రేకుకే పడుతుంది. పట్టు, వదులు, పట్టు, వదులు. మలుపు రాకముందే వేగం తగ్గించాలి, మలుపులోకి దిగాక కాదు. బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. తడి మీద, ఇసుక మీద మనిషిని ఎత్తి పడేసేదీ అదే. ఇందుకు మా గోవిందు సాక్ష్యం.

గోవిందు సంగతి నీకు చెప్పలేదు కదూ. పక్షితీర్థం వెళ్ళిన కథ సగం చెప్పాను, రెండో సగం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి కాకముందు మాట. షాపు వాళ్ళం ఒక ఆదివారం తెల్లారుజామున మూడింటికే సైకిళ్ళ మీద బయల్దేరాం. అన్నీ అంబత్తూరులో చేసిన హెర్క్యులిస్ బళ్ళే, గేర్లూ లేవు, హెల్మెట్లూ లేవు. తాంబరం దాటి చెంగల్పట్టు దాకా పెద్ద రోడ్డు, అక్కడ ఇడ్లీలు తిని తూర్పుకి తిరిగితే తిరుక్కళుకుండ్రం. మనవాళ్ళకది పక్షితీర్థమే. కొండకి ఐదు వందల పైచిలుకు మెట్లు. అంతదూరం తొక్కొచ్చిన కాళ్ళతో అవి ఎక్కి చూడు, నీ కొడచాద్రి ఏ మూలకి?

మిట్టమధ్యాహ్నం పూజారి చక్కెర పొంగలి గిన్నెతో బండ మీద కూర్చున్నాడు. రెండు పక్షులు దిగాయి. అందరూ గద్దలనేవాళ్ళు గానీ అవి ఒక జాతి రాబందులు. తెల్లటి ఒళ్ళు, పసుపు మూతి. ఒకటి నడుచుకుంటూ వచ్చి, చేతిలోది తిని, ముక్కుని రాతికి అటోసారి ఇటోసారి రుద్ది తుడుచుకుని మరీ ఎగిరింది. కాశీలో స్నానం చేసి ఇక్కడికి భోజనానికి వస్తాయని ఒకాయన, కాదు రామేశ్వరంలో అని ఇంకొకాయన, అక్కడే వాదన. తొంభైలు పోయేసరికి అవి రావడం మానేశాయి. పశువులకిచ్చే ఒక నొప్పి మందు వల్ల దేశంలో రాబందులు లక్షల్లో పోయాయి, 2006లో గానీ పశువులకి ఆ మందు వాడకం ఆపలేదు. నేను చూశాను, నువ్వు చూడలేవు.

కొండ మీద ఒకే రాతిలో తొలిచిన పల్లవుల మంటపం ఉంది. దాంట్లో డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో తమ పేర్లు చెక్కి పోయారు. అది చూడగానే గోవిందు జేబులోంచి మేకు తీశాడు, తన పేరూ ఉండాలని. చెయ్యి పట్టుకుని ఆపాం. ఆపితే, "అయితే వీళ్ళ కోట చూసే ఇంటికెళ్దాం" అని పట్టుబట్టాడు. సద్రాసు కోట, కల్పాక్కం పక్కన సముద్రం ఒడ్డున. వెళ్ళాం. కూలిన గోడలు, బొమ్మలు చెక్కిన డచ్చివాళ్ళ సమాధులు, మేకలు. గోవిందు ఆ సమాధుల మీద మంటపంలో చూసిన పేర్ల కోసం వెతికి వెతికి, ఒక్కడూ దొరకలేదని నిరుత్సాహపడ్డాడు.

అక్కణ్ణుంచి మహాబలిపురం వైపు. వెనక గాలి. గోవిందు అందర్నీ దాటేసి పాట అందుకున్నాడు. ఒక మలుపులో తారు మీదికి ఇసుక కొట్టుకొచ్చి ఉంది. ముందు బ్రేకు నొక్కాడు. సైకిలు ఆగింది, వాడు ఆగలేదు. టిఫిన్ క్యారియర్ గిన్నెలు రోడ్డు పొడుగునా దొర్లాయి, వాడి గడ్డం చీలింది. గడ్డమే, చూడు ఎలా గుర్తుందో! ఊళ్ళో డాక్టరు దగ్గర నాలుగు కుట్లు వేయించి, సైకిలు లారీ మీద వేసి తెచ్చాం.

అసలు కథ ఇక్కడుంది. వాడు ఇంట్లో ఓవర్‌టైం డ్యూటీ అని చెప్పి వచ్చాడు. కాబట్టి షాపులో ఇనప ముక్క ఎగిరి తగిలిందన్నాడు. వాళ్ళావిడ నగరి మనిషి, గట్టిది. డ్యూటీలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాలి కదా అని, మంగళవారం తమ్ముణ్ణి వెంటేసుకుని గేటు దగ్గరికి వచ్చేసింది. గోవిందుకి కబురందేలోపే ఫోర్‌మన్ ముందు నిలబడి నిలదీస్తోంది. ఆయన పాపం నెమ్మదస్థుడు, రిజిస్టరు తెప్పించాడు, వేలు పెట్టి వెతికాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆదివారం షాపు లేదమ్మా" అన్నాడు. మేమంతా బోగీ చాటున ఉన్నాం. ఒక్కరికీ గాలి ఆడలేదు.

ఆవిడ మారుమాట లేకుండా వెళ్ళిపోయింది. సంక్రాంతి దాకా వాడితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పెట్టి "తినమను" అని గోడకి చెప్పేది. పడ్డందుకు కాదట. పడ్డవాడికి పాలు కాచి ఇచ్చే అవకాశం కూడా లేకుండా చేశాడట, ఆ కోపం.

ఈ కథ ఇప్పుడెందుకంటావా? ఊరికే. పక్షితీర్థం గుర్తొచ్చింది, చెప్పాను.

అన్నట్టు నీ ఫోన్ కెమెరా బాగైందా? ఎప్పుడు వీడియో కాల్ చేసినా కెమెరా పాడైందంటున్నావు. పాడైన కెమెరాతో ఫోటోలు ఎలా వస్తున్నాయని మీ అమ్మ అడిగింది. ఎవరో తీసి ఉంటారే అని సర్దిచెప్పాను. "ఆ ఎవరో ఎవరు?" అంది. ఒక ప్రశ్న కాస్తా రెండయ్యాయి. రెండోదానికి జవాబు తీరిగ్గా చెప్పు, తొందరేం లేదు. మొదటిదానికి మాత్రం ఈ వారంలో.

డిసెంబరులో మీరంతా కుమటా, మీర్జాన్ కోట, గోకర్ణం సైకిళ్ళ మీద తిరుగుతారట కదా, అదీ బుజ్జిగాడి ఖాతాలోదే. వెళ్ళొద్దనను. మీర్జాన్ గురించి కూడా చదివాను. 16వ శతాబ్దంలో గేరుసొప్ప చెన్నభైరాదేవి ఏలిన కోట. మిరియాల వ్యాపారం ఆవిడ చేతిలో ఉండేదట, పోర్చుగీసు వాళ్ళు మిరియాల రాణి అనే పిలిచేవారట. ఆడమనిషి ఓడలతో వ్యాపారం చేసిన చోటు నువ్వు చూడాలి, తప్పకుండా చూడు. కానీ ఆ కోట ఎర్రరాయి మీద నాచు పడుతుంది, గోడల అంచుల మీద నిలబడి ఫోటోలు దిగొద్దు. లోపల బావులున్నాయి, తొంగి చూడొద్దు. జాతీయ రహదారి 66 మీద లారీల రద్దీ, చీకటి పడ్డాక తొక్కొద్దు. 2024 జూలైలో అంకోలా దగ్గర శిరూరులో కొండచరియ విరిగి ఆ రోడ్డు మీదే పడింది, శేషు మామ ఇప్పటికీ రోజూ గుర్తుచేస్తున్నాడు. డిసెంబరులో అక్కడ వానలుండవులే అంటే, "కొండకి క్యాలెండరు తెలుసా?" అంటున్నాడు. గోకర్ణంలో సముద్రం దగ్గర మోకాలి లోతు దాటొద్దు. హెల్మెట్ తాడు గడ్డం కింద బిగించి పెట్టుకో. అంటే, గడ్డం దగ్గర ఒరుసుకోకపోతేనే.

ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను. నాలుగు కాగితాలయ్యాయి, అమ్మ డబ్బా మూత పట్టట్లేదంటోంది.

వచ్చే శనివారం బెంగళూరు రావడానికి బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నాను. నీ కోసమని కాదు, అక్కడ మా షాపు సుబ్రమణియంగారి మనవడి నామకరణం ఉంది. పనిలో పనిగా నీ సైకిలు బ్రేకులు ఒకసారి చూస్తాను. డిస్కు బ్రేకులని బుజ్జిగాడు అన్నాడు, ఆలెన్ కీలు నా దగ్గరున్నాయి, నువ్వు కొనకు. స్టేషన్‌కి రావద్దు, మెట్రో ఎక్కి నేనే వచ్చేస్తా. వంట పెట్టుకోకు, పులిహోర అమ్మ కట్టిస్తుంది.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకున్నావా? ఏదో తగిలిందని కాదు. సైకిలు తొక్కేవాళ్ళెవరైనా వేయించుకోవాల్సిందే.