స్రవంతికి, అమ్మ రాసేది

బిడ్డా,

ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే రెండో రోజుకు బొటనవేలు బొమ్మ ఒకటి పెడతావు, అందుకే ఇట్లా రాస్తున్నా. నేను చెబుతుంటే చిన్నోడు టైప్ చేస్తున్నాడు, తప్పులుంటే వాడివే. ఇక్కడ అందరం మంచిగానే ఉన్నాం. బత్తాయి ఈసారి కాపు పర్వాలేదు గానీ రేటు లేదు, మీ నాయిన పొద్దున్నే మార్కెట్ రేటు చూసి ఫోన్ బోర్లా పెట్టి చాయ్ తాగుతాడు. రెండో బోరు ఆగి ఆగి పోస్తోంది. గౌరి ఈనింది, పెయ్యదూడ, నుదుటి మీద తెల్ల మచ్చ.

మొన్న హాలియా అంగట్లో సైదులు కనిపించాడు. వాళ్ళమ్మ తుంటి ఆపరేషన్ అయి పది రోజులు మీ వార్డులోనే ఉందట కదా, నువ్వు చెప్పనే లేదు. ఇప్పుడు వాకర్ పట్టుకొని వాకిట్లోకి వస్తోందట. మాటల మధ్యలో అన్నాడు, "అక్క మంచిగనే చూసుకుంది చిన్నమ్మా, గాని సూది ఇచ్చేటప్పుడు అమ్మ దిక్కు చూడకపోయేది, గోడ గడియారం దిక్కే చూసేది" అని. వాడు నవ్వుతూనే చెప్పాడు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పప్పు మాడబెట్టాను.

నేనేం అనట్లేదు. నైట్ డ్యూటీలో అంత మందిని ఇద్దరు చూసుకోవాలంటే ఎవరి మొహం ఎవరు చూస్తారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఏఎన్ఎంగా తిరిగినదాన్ని, నాకు తెలియనిదా. ఊరికే గుర్తొచ్చి చెప్పాను.

ఇంకో సంగతి. చిన్నోడికి బీఫార్మసీలో ఏదో సెమినార్ ఉందట, నొప్పి గురించి, ఉత్త మందు గురించి, అంటే మందని చెప్పి ఇచ్చేదే గానీ లోపల మందు ఉండనిది. అదే, మీరు ప్లాసిబో అంటారే. రాత్రిళ్ళు ఇంగ్లిష్‌లో చదివి నాకు తెలుగులో చెబుతున్నాడు. అమెరికాలో డార్ట్‌మౌత్ కాలేజీ వాళ్ళు 2019లో ఒకటి అచ్చు వేశారట. కాలేజీ పిల్లల్లోనే కొందరిని డాక్టర్లుగా, కొందరిని పేషెంట్లుగా కూర్చోబెట్టారు. డాక్టర్లకు రెండు క్రీములిచ్చారు, ఒకటి నొప్పి తగ్గించేది, ఒకటి ఉత్తది అని చెప్పి. నిజానికి రెండూ వాజలీన్ లాంటివే. డాక్టర్ పిల్లలకు నమ్మకం కుదరాలని ముందు వాళ్ళ చేతికే పూసి, మంచి క్రీమన్న చోట వేడి తక్కువ పెట్టారట, చూడు ఎంత తెలివి. తర్వాత పేషెంట్ల చేతికి రెండు చోట్లా ఒకటే వేడి పెట్టారు. అయినా డాక్టర్ నమ్మిన క్రీము పూసిన చోట నొప్పి తక్కువగా ఉందన్నారు. వాళ్ళకు ఏది ఏ క్రీమో ఎవరూ చెప్పలేదు. కెమెరాలు పెట్టి మొహాలు తీస్తే, మంచి క్రీమనుకున్నది పూసేటప్పుడు డాక్టర్ మొహంలోనే నొప్పి ఛాయ తగ్గిందట. నోటితో చెప్పకపోయినా మొహం చెప్పేసింది.

నేనన్నాను, దీనికి కెమెరాలెందుకురా, మన ఊళ్ళో ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది కదా అని. వాడికి కోపం వచ్చింది.

1985లో వచ్చినది ఇంకోటి చెప్పాడు. జ్ఞానదంతం తీయించుకున్న వాళ్ళను రెండు గుంపులు చేశారు. మొదటి గుంపులో ఎవరికీ ఫెంటనిల్, అదే గట్టి నొప్పి మందు, పడదని సూది ఇచ్చే డాక్టర్లకు తెలుసు, రెండో గుంపులో పడొచ్చు, పడకపోవచ్చు. పేషెంట్లకు మాత్రం అందరికీ ఒకటే మాట చెప్పారు. రెండు గుంపుల్లోనూ ఉత్త మందు పడ్డవాళ్ళను పోల్చి చూస్తే, డాక్టర్‌కు ఆశ ఉన్న గుంపులో నొప్పి తగ్గింది, ఆశ లేని గుంపులో పెరిగింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని వేల సూదులు వేశాను, ఎన్ని సార్లు మొహం ఎట్లా పెట్టుకొని వేశానో అని.

బుజ్జి సంగతి నీకు చెప్పానా? చెప్పి ఉండను, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. నువ్వప్పుడు రెండో తరగతి. నాకు దేవరకొండ అవతల తండాలో డ్యూటీ. బుజ్జికి ఆరేళ్ళుంటాయి, పొయ్యి మీది గంజి కుడి ముంజేయి మీద పడింది. పీహెచ్‌సీ డాక్టర్ సారు చూసి మందు రాసి, రోజు విడిచి రోజు కట్టు మార్చమని నా దగ్గరికి పంపాడు. పాత గుడ్డ పుండుకు అంటుకొని ఉంటుంది కదా, సెలైన్ నీళ్ళు పోసి, నానబెట్టి, అంచు నుంచి కొద్దికొద్దిగా లేపాలి. నేను వాళ్ళ మేకల పేర్లు అడుగుతూ లేపేదాన్ని. మూడు కట్లు మార్చాను, "స్స్" అనేది తప్ప ఏడ్చింది లేదు. నాలుగోసారి పోయిన పొద్దున్నే మన నాలుగో బోరు కూడా దుమ్ము లేపింది. మీ నాయనా నేనూ గొడవ పడ్డాం, ఎందుకు వేయించావని నేను, ఎవరి కోసం వేయించానని ఆయన. బస్సులో నిలబడి పోయాను. పళ్ళు బిగబట్టి ఉన్నానని నాకే తెలియదు. అదే సెలైన్, అవే చేతులు, పుండు కూడా ముందుకంటే మానింది. గుడ్డ మీద ఇంకా చెయ్యి వేయలేదు, నీళ్ళు పోశానంతే, ఆ పిల్ల తండా అంతా వినపడేట్టు అరిచింది. "ఏం కాదు, ఏం కాదు" అన్నాను, ఇంకా ఎక్కువ అరిచింది. నాకు విసుగొచ్చి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను కూడా. అప్పుడు వాళ్ళ అవ్వ నా భుజం తట్టి, "నర్సమ్మా, పోరి నీ చెయ్యి చూసి ఏడుస్తలేదు, నీ మొహం చూసి ఏడుస్తుంది" అంది.

బయటికొచ్చి డ్రమ్ములో నీళ్ళతో మొహం కడుక్కున్నాను. లోపలికి పోయి కుర్చీ మీద కాకుండా నేల మీద కూర్చున్నాను, పిల్ల కళ్ళకంటే కిందికి. కాసేపు ఏమీ చెయ్యలేదు. తర్వాత "నల్ల మేక ఈనిందా" అంటే తల ఊపింది. నొప్పి పోయిందని చెప్పను, కళ్ళల్లో నీళ్ళున్నాయి. కానీ చెయ్యి తానే చాపింది.

చిన్నోడు చెబుతున్నాడు, పిల్లలకు సూది వేసేటప్పుడు తల్లిదండ్రులు ఏం కాదు ఏం కాదు అంటుంటే పిల్లలు ఇంకా బెదురుతారని, వేరే దాని మీదికి మనసు మళ్ళిస్తే నయమని దాని మీద కూడా పరిశోధనలున్నాయట. అట్లాగని మొహమే మందు అనుకునేవు. మందు మందే, నవ్వితే తుంటి అతకదు. ఉత్త సెలైన్ ఎక్కించి బలం సూది అని డబ్బులు గుంజే వాళ్ళను మన దగ్గర ఎంత మందిని చూడలేదు. కానీ ఇటలీలో ట్యూరిన్ అనే ఊళ్ళో, అదే నొప్పి మందును రోగికి తెలియకుండా మిషన్‌తో ఎక్కిస్తే, ఎదురుగా మనిషి ఇచ్చినప్పుడు పనిచేసినంత పనిచేయలేదట. మీ వార్డు నిండా ఆ సిరంజి పంపులే కదా. బటన్ నొక్కేటప్పుడు ఒక్కసారి మంచం దిక్కు తిరిగి "మందు ఎక్కిస్తున్నానమ్మా" అను. చేతులు కట్టుకొని నిలబడకు. గడియారం చూడాల్సి వస్తే ముందు మనిషిని చూసి తర్వాత చూడు. చూశావా, లెక్చర్ ఇవ్వనని మీ నాయనకు మాటిచ్చి కూర్చున్నాను.

సరే, అసలు సంగతి అడుగుతా. సైదులు వాళ్ళమ్మ బాధ కాదు నాది, ఆమెకు తగ్గింది. నువ్వు పుట్టినప్పటి నుంచి మనిషి మొహంలోకి చూసి మాట్లాడే పిల్లవు, చూడొద్దన్నా చూసేదానివి, కంచర్ల అత్త దగ్గర దెబ్బలు కూడా తిన్నావు దానికి. గోడ దిక్కు ఎందుకు చూస్తున్నావు? నేను మొహం దాచుకున్నది బోర్లు ఎండినప్పుడు. నీకేం ఎండింది? డబ్బులా, రూమ్‌లో ఆ పిల్లతో గొడవా, ఆ అబ్బాయి సంగతా? మీ నాయనకు చెప్పను. చిన్నోడు టైప్ చేస్తున్నాడు గానీ వాడిని ఇక్కడ చెవులు మూసుకోమన్నాను.

ఆదివారం సైదులు బస్సులో పండుమిర్చి తొక్కు, జొన్న పిండి, నువ్వుల లడ్డూలు పంపిస్తున్నా, ఎల్బీ నగర్‌లో దిగి ఫోన్ చేస్తాడు, వాడి ఫోన్ అయినా ఎత్తు. తొక్కు స్టీలు డబ్బా అమ్మమ్మది, అదే బస్సులో తిరిగి పంపు. రాత్రి డ్యూటీ అయ్యాక ఖాళీ కడుపుతో చాయ్ తాగకు. మడమల నొప్పికి కొన్న చెప్పులు వేసుకుంటున్నావా, పెట్టెలో పెట్టావా?

ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చెయ్యి. పోయినసారిలా ఫోన్ మంచం మీద పడేసి, నీకు బదులు ఫ్యాను చూపించకు.

మీ అమ్మ