మంత్రి గారూ, ఆ 200 రూపాయల సంగతి చూడండి

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ గారికి,

నమస్కారం. వృద్ధాప్య పింఛనులో కేంద్రం నెలకు ఇచ్చే 200 రూపాయల వాటా గురించి ఈ ఉత్తరం.

మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర చిన్న పల్లె. ప్రతి నెలా ఒకటో తారీఖున మా అమ్మమ్మ తెల్లారకముందే స్నానం చేసి అరుగు మీద కూర్చుంటుంది. కాసేపటికి సచివాలయం అబ్బాయి వేలిముద్ర మిషన్ పట్టుకుని వస్తాడు. పొగాకు బ్యారన్ దగ్గర కర్రలకు ఆకు అల్లీ అల్లీ ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. బొటనవేలు పడదు, చూపుడువేలు పడదు. తడిగుడ్డతో తుడుచుకుని, కొంగుకు రుద్ది మళ్లీ పెడుతుంది. మిషన్ ఒప్పుకునేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. ఆ తర్వాత చేతిలో ఎనిమిది 500 నోట్లు. రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంటుంది.

ఆ 4,000తో బీపీ, షుగర్ మాత్రలు నెలకు సరిపడా ఒకేసారి వస్తాయి. ఇంటి పాల ఖాతా ఆమెదే, ఇంకెవరినీ కట్టనివ్వదు. 500 చీటీకి పోతుంది. మా పాపకు చెప్పులు కావాలంటే నన్ను కాదు, ముందు ముత్తవ్వనే అడుగుతుంది. ఒకప్పుడు ఆమెను చూడగానే పాత బాకీ ఎత్తే కిరాణా కొట్టాయన ఇప్పుడు కూర్చోమని స్టూల్ వేస్తాడు. 74 ఏళ్ల వయసులో ఆమె మిరపకోతలకు పోవడం మానేసింది. మేం ఎంత చెప్పినా మాననిది, పింఛను పెరిగాక తనంతట తనే మానింది.

తాతయ్య రోజులు వేరు. 2008 ప్రాంతంలో ఆయన పింఛను 200. కొడుకుల్లేరు, కూతురింట్లో, అంటే మా ఇంట్లో ఉండేవాడు. ఆయాసం మనిషి. డాక్టరు పది రోజులకు రాస్తే నాలుగు రోజుల మాత్రలు తెచ్చుకుని, తగ్గిందిలే అనేవాడు. తగ్గేది కాదు. మా నాన్న లేదనే మనిషి కాదు, కానీ అల్లుడి ముందు చెయ్యి చాచడానికి ఆయనకు ప్రాణం ఒప్పేది కాదు. రాత్రిళ్లు దగ్గు బయటికి వినపడకుండా దుప్పటి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఇప్పుడు అమ్మమ్మ పడుకునేదీ ఆ మంచం మీదే.

మా రాష్ట్రంలో 2014 అక్టోబరులో పింఛను 1,000 అయింది. 2019లో 2,000, 2024 జనవరిలో 3,000, అదే ఏడాది జూలై నుంచి 4,000 అయింది. ప్రభుత్వాలు మారినా అంకె వెనక్కి పోలేదు. ఓట్ల కోసమే అని కొందరంటారు. కావచ్చు, పేదవాళ్ల ఓటుకు ఆ మాత్రం విలువ ఉండటం మంచిదే కదా.

మరి కేంద్రం వాటా? 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ పథకం మొదలైనప్పుడు వృద్ధులకు 75 రూపాయలు. 2007 నాటికి 200. ఇవాళ కూడా 200. 80 దాటితే 500. అదీ దారిద్ర్యరేఖ జాబితాలో ఉన్నవాళ్లకే. మా తాతయ్య కాలం నాటి అంకె ఇంకా అక్కడే ఆగిపోయింది. పార్లమెంటు స్థాయీ సంఘం పెంచమని పదే పదే చెప్పినా కదలలేదు.

మా రాష్ట్రం పెంచింది కాబట్టి మాకు ఈ 200 తెలియడం లేదు. మా ఊరి పక్క గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేసే బిహార్ కుర్రాడికి తెలుసు. 2025 జూలై దాకా అక్కడ వృద్ధాప్య పింఛను నెలకు 400. ఆ తర్వాతే 1,100 చేశారు. అమ్మమ్మకు 4,000 వస్తాయని చెబితే, "ఒక్క నెలకా, ఏడాదికా?" అని అడిగాడు.

మీకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మధ్యప్రదేశ్‌లో ఆడవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే లాడ్లీ బెహనా పథకం తెచ్చింది మీరే. 2023 జూన్‌లో 1,000తో మొదలుపెట్టి అక్టోబరుకల్లా 1,250 చేశారు. అంతకుముందు 2011లో, మీరు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 'సేవా' (SEWA) అనే మహిళల సంఘం, యునిసెఫ్ కలిసి మీ రాష్ట్రంలోని కొన్ని పల్లెల్లో ప్రతి మనిషికీ నెలనెలా నగదు ఇచ్చి చూశాయి. పిల్లల తిండి మెరుగైంది, అప్పుల భారం తగ్గింది. చేతికి డబ్బిస్తే తాగి పాడుచేస్తారన్న మాట అక్కడ నిలబడలేదు. అక్కచెల్లెళ్లకు నాలుగు నెలల్లో 250 పెంచగలిగిన మీరు, ఇన్నేళ్లుగా ఆగిపోయిన దేశంలోని ముసలివాళ్ల 200ను ఇంకా అలాగే ఉంచడం నాకు బాధగా ఉంది.

వచ్చే బడ్జెట్‌లో ఆ అంకె మార్చండి. కనీసం వెయ్యి చేయండి. ధరలతో పాటు ఏటా దానంతటదే పెరిగేలా రాయండి, ప్రతిసారీ ఎవరో ఒకరు ఉత్తరం రాయాల్సిన అవసరం లేకుండా. పాత పేదరికపు లెక్కల మీద నిలిచిపోయిన జాబితాను కూడా తెరవండి.

ఈ ఉత్తరం అమ్మమ్మకు చదివి వినిపించాను. ఆ కుర్రాడి నానమ్మకు ఎప్పటి నుంచి పెంచుతారో అడిగి రాయమంది.

ఇట్లు,
చీమకుర్తి దగ్గరి పల్లె నుంచి ఒక మనవరాలు