రోజుకు మూడుసార్లంటే భోజనం వేళలు కాదు

సంపాదకులకు నమస్కారం.

యాంటీబయాటిక్స్ మీద పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో 'కోర్సు మధ్యలో మానకండి' అన్న మాట తప్పకుండా ఉంటుంది. మాత్రకూ మాత్రకూ ఎంత ఎడం ఉండాలి, దేంతో కలిపి మింగకూడదు అన్నది మాత్రం అరుదుగా కనిపిస్తుంది. మందు పనిచేయలేదనుకునే సందర్భాల్లో కొన్నింటికి మూలం అక్కడే ఉంటుంది.

అమాక్సిసిలిన్‌నే తీసుకోండి. బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఆ గోడ పోగులను ఒకదానికొకటి ముడివేసే ఎంజైమును ఈ మందు పట్టేస్తుంది. ముడులు పడకపోయినా పెరుగుదల ఆగదు కనుక, గోడ బలహీనపడి లోపలి ఒత్తిడికి బ్యాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు అలాంటి గోడ లేదు. వైరస్‌కూ లేదు, అందుకే జలుబుకు ఇది దండగ. గోడే లేని మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా కూడా దీనికి లొంగదు.

రక్తంలో ఈ మందు సగానికి తగ్గడానికి సుమారు గంట చాలు. ఒక్కసారి ఎంత పడిందన్నది కాదు, చాలినంత మందు ఎంతసేపు నిలిచిందన్నదే లెక్క. అందుకే చీటీలో '500 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు' అని ఉంటే ఎనిమిదేసి గంటలకొకటి: ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. టిఫిను, భోజనాలతో ముడిపెట్టి 9కి, 1కి, 8కి వేసుకుంటే రాత్రి 13 గంటలు ఖాళీ. మర్నాడు రెండు కలిపి మింగినా ఆ ఖాళీ పూడదు. అజిత్రోమైసిన్ తీరు వేరు. అది కణజాలంలో చేరి రోజుల తరబడి ఉంటుంది కాబట్టి చాలావాటికి రోజుకొకటి చొప్పున మూడు రోజులు సరిపోతుంది. దాన్ని చూసి అమాక్సిసిలిన్‌నూ మూడో రోజుకే సొంతంగా ఆపేయడం పొరపాటు.

అమాక్సిసిలిన్‌ను బ్యాక్టీరియా విరిచేయకుండా కాపాడే క్లావులానిక్ ఆమ్లం కలిపిన మాత్రలూ ఉన్నాయి. వాటిలో 625 మాత్రలో అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు, క్లావులానిక్ ఆమ్లం 125 ఉంటాయి. 375 మాత్రలో 250, 125. అంటే రెండు 375లు వేసుకుంటే 625కు బదులు కాదు. క్లావులానిక్ రెట్టింపై విరేచనాలు పట్టుకుంటాయి.

సిప్రోఫ్లాక్సాసిన్ లోహాలకు అంటుకుపోతుంది. యాంటాసిడ్, ఐరన్, జింకుతో కలిస్తే పేగులోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఒట్టి పాలతోనూ వద్దు. డాక్సీసైక్లిన్‌కు నిండు గ్లాసు నీళ్లు తాగి అరగంటైనా నడుం వాల్చకూడదు, మాత్ర అన్నవాహికలో ఇరుక్కుంటే పుండు పడుతుంది.

పిల్లల పొడి సిరప్‌లో కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకూ ఒకేసారి పోస్తే అడుగున పొడి గడ్డకట్టి, నురగ వల్ల కొలత తప్పుతుంది. ముందు సీసాను తట్టి పొడిని వదులు చేసి, కొంత నీరు పోసి గిలకొట్టి, నురగ తగ్గాక గీత దాకా నింపాలి. క్లావులానిక్ కలిసిందైతే ఫ్రిజ్‌లో ఉంచి ఏడు రోజులే వాడాలి. ప్రతిసారీ కుదిపి, మూత కొలతతోనే పోయాలి, వంటింటి చెంచాతో కాదు.

మీ ఆరోగ్య పేజీలో మందు పేరు వేసినప్పుడల్లా పక్కన ఈ గంటలు కూడా వేయమని మనవి.

— ఒక ఫార్మకాలజీ అధ్యాపకుడు