గేటు దగ్గర ఎవరికి ఏం చెబుతున్నాం?

సంపాదకులకు నమస్కారం.

రేణిగుంట వైపున్న ఒక కర్మాగారం టైమాఫీసులో నేను పంతొమ్మిదేళ్లు మస్టరు రాశాను. ప్యాకింగ్ విభాగంలో పనిచేసే ఒకామె భర్త కొట్టే దెబ్బలకు తాళలేక ఇద్దరు పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆసుపత్రి, పోలీసు స్టేషను, వకీలు, పిల్లల బడి మార్పు, అన్నీ పగటిపూట తిరగవలసిన పనులే కాబట్టి ఎనిమిది రోజులు డ్యూటీకి రాలేకపోయింది. తొమ్మిదో రోజు వచ్చేసరికి భర్త గేటు ముందు నిలబడి ఉన్నాడు. ఆమె ఏ షిఫ్టుకు మారిందో అతనికి చెప్పింది మా కాపలావాళ్లే. మొగుడే కదా అడుగుతున్నాడనుకున్నారు, అంతకుమించి వాళ్లకు దురుద్దేశమేమీ లేదు. ఆ వారంలోనే ఆమె పని మానేసింది. ఆ ఎనిమిది గైర్హాజర్లు వేసినవాడిని నేనే.

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టంలోని 18వ సెక్షను ప్రకారం, బాధితురాలు ఉద్యోగం చేసే చోటికి భర్త రాకూడదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. అయితే ఆ కాగితం అందాక ఆమె యాజమాన్యం చేయవలసిందేమిటో ఈ చట్టం చెప్పలేదు. భర్త పనిచేసే సంస్థను మాత్రం మరచిపోలేదు: అతని జీతంలోంచి కొంత నేరుగా ఆమెకు చెల్లించమని ఆ సంస్థను ఆదేశించే అధికారం కోర్టుకు ఉంది.

సెలవు సంగతీ ఇలాగే ఉంది. పనిచోట లైంగిక వేధింపు జరిగితే, విచారణ సాగే కాలంలో మూడు నెలల వరకు సెలవు ఇప్పించే వీలు 2013 చట్టంలో ఉంది. ఇంట్లో దెబ్బలు తిన్న మనిషికి ఒక్కరోజు కూడా లేదు. ఫిలిప్పీన్స్ 2004లోనే పది రోజుల వేతన సెలవు ఇచ్చింది. న్యూజిలాండ్ 2019 నుంచి, ఆస్ట్రేలియా 2023 నుంచి అంతే ఇస్తున్నాయి. అబద్ధపు సాకులు పెరుగుతాయని మేనేజర్లు అంటారు. ఆసుపత్రి చీటీనో, హింసకు గురైన మహిళలకు సాయపడే ప్రభుత్వ సఖి కేంద్రం రాసిచ్చిన లేఖనో అడగవచ్చు కదా. జ్వరానికి డాక్టరు సర్టిఫికెట్ అడుగుతూనే ఉన్నాం.

జీతం మాట వేరే చెప్పాలి. చాలామంది కార్మికురాళ్ల ఏటీఎం కార్డు భర్త జేబులోనే ఉంటుంది, అందుకే ఖాతా మార్చమని ఆమె అడిగితే ఆ నెల జీతం నుంచే మార్చాలి. భవిష్యనిధి (పీఎఫ్) పథకంలో తన కుటుంబం లెక్కలోంచి భర్తను తప్పించమని సభ్యురాలు కమిషనరుకు రాసి కోరవచ్చునన్న నిబంధన 1952 పథకంలో ఉంది. అన్నేళ్ల ఉద్యోగంలో నేను ఆ సంగతి ఒక్కరికీ చెప్పలేదు, నాకే ఆలస్యంగా తెలిసింది.

శ్రీసిటీ, రేణిగుంట కర్మాగారాల్లో వేల మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. సఖి కేంద్రంలో తలదాచుకోవడానికి దొరికేది ఐదు రోజులే కనుక, ఆ తర్వాత కొన్ని వారాలపాటు హాస్టళ్లున్న సంస్థలు ఒక మంచం ఇవ్వగలిగితే చాలామందికి తిరిగి ఆ ఇంటికే పోవలసిన గతి తప్పుతుంది. పదిమందో అంతకు మించో ఉన్న ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి ఎలాగూ ఉండవలసిన అంతర్గత కమిటీకే, ఇంట్లో హింసకు గురైన కార్మికురాళ్లకు సాయపడే బాధ్యతనూ అప్పగించమని జిల్లా కలెక్టరు గారూ కార్మిక శాఖ అధికారులూ యాజమాన్యాలను కోరవచ్చు. సెలవుకు చట్టం రావడానికి ఎన్నేళ్లు పడుతుందో గాని, కార్మికురాలి షిఫ్టు వివరాలు భర్తకైనా సరే చెప్పకూడదని గేటు దగ్గర కాపలావాళ్లకు రాతపూర్వకంగా ఆదేశమివ్వడం రేపు ఉదయం షిఫ్టు మొదలయ్యేలోగా చేయగల పని.

ఇట్లు,
విశ్రాంత టైమాఫీసు ఉద్యోగి,
తిరుపతి