సీసాలో మొక్క సరే, మట్టిలో బతికిందా?

సంపాదకుడు గారికి,

ఔషధ మొక్కల టిష్యూ కల్చర్ మీద, అంటే మొక్క ముక్కను ల్యాబ్‌లో సీసాలో పెంచి కొత్త మొక్కలు తీసే పద్ధతి మీద, పోయిన వారం మీరు వేసిన కథనం చదివాను. ఒక్క కణుపు నుంచి వేల మొక్కలు తీయొచ్చన్నది నిజమే. సర్పగంధ లాంటి వాటికి ఈ పద్ధతి చాలా అవసరం కూడా. మందుకు కావాల్సింది దాని వేరు, వేరు తవ్వితే మొక్క ఉండదు. విత్తనాలు వేద్దామంటే సరిగా మొలవవు. అడవుల్లో తవ్వి తవ్వి చివరికి 1990లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారం మీద దేశాల మధ్య కుదిరిన) ఒప్పందం కింద నియంత్రించాల్సి వచ్చింది.

కానీ మీ కథనం సీసా దగ్గరే ఆగిపోయింది. అసలు కష్టం మూత తీశాకే మొదలవుతుంది. సీసాలో తేమకు కొదవలేదు, చక్కెర కూడా మనమే కలిపి పెడతాం. అలా పెరిగిన ఆకు మీద మైనపు పొర పలచగా ఉంటుంది, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. అలాగే బయట పెడితే చూస్తుండగానే వాడిపోతుంది. వేళ్లకు అంటిన అగార్‌ను, అంటే సీసాలో మొక్క పెరిగిన జెల్లీని, కడగకపోతే బూజు పడుతుంది. తేమను వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ బయటి గాలికి అలవాటు చేయాలి. ఈ హార్డెనింగ్ గురించి ఒక్క ముక్కయినా రాయలేదేం? ల్యాబ్‌కు రిబ్బన్ కత్తిరించడానికి వచ్చే అధికారులు మొక్కలకు నీడనిచ్చే షేడ్‌నెట్‌కూ, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషికీ డబ్బు అడిగితే మొహం చాటేస్తారు. పంచిన మొక్కల లెక్క ఉంటుంది, బతికిన వాటి లెక్క ఉండదు. ఏ మొక్కల పథకం చూసినా ఇదే తంతు, విసుగొస్తోంది.

ఇంకో సంగతి. మందు మొక్క విలువ కంటికి కనిపించేది కాదు. సర్పగంధ వేరులో మందుగా పనిచేసే రిసర్పిన్ అనే పదార్థం ఎంతుందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. తల్లి మొక్కలోనే సారం లేకపోతే దాని నుంచి లక్ష పిలకలు తీసి ఏం లాభం? పైగా అన్నీ ఒకే తల్లి నుంచి వచ్చినవైతే ఒక్క తెగులుకే తోటంతా పోవచ్చు. టిష్యూ కల్చర్ మొక్కలకు వైరస్ పరీక్ష, జన్యు పరీక్ష చేసి ధ్రువపత్రం ఇచ్చే జాతీయ వ్యవస్థ మన దేశంలో 2006 నుంచే ఉంది. అయినా మా చేతికొచ్చిన ట్రేల మీద మొక్క పేరు తప్ప ఇంకేమీ లేదు. అడిగితే పై ఆఫీసును కనుక్కోమన్నారు.

తల్లి మొక్కలను ఎక్కడి నుంచి తెచ్చారో, సారం పరీక్షలో ఏం తేలిందో ట్రే మీద రాసి ఇవ్వాలి. మీ విలేకరి ఈసారి ల్యాబ్‌తో సరిపెట్టకుండా పొలాలకు కూడా వెళ్లి, పంచిన మొక్కల్లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు