ఆరు ఎపిసోడ్లే అయినా అది సరైన ముగింపే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విదేశీ సిరీస్‌ల ముగింపుల మీద వచ్చిన వ్యాసం, మనుషులు సౌరకుటుంబమంతటా స్థిరపడిన భవిష్యత్తు కథ చెప్పే అంతరిక్ష సిరీస్ ‘ది ఎక్స్‌పాన్స్’ చివరి సీజన్‌ను హడావుడిగా చుట్టేశారని ఒకే వాక్యంలో తేల్చివేసింది. నెల్లూరు చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి, ఈ సిరీస్‌ను మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూసినవాడిగా ఆ తీర్పుతో నేను ఏకీభవించలేకపోతున్నాను.

అంతకుముందు సీజన్లలో పదేసి, పదమూడేసి ఎపిసోడ్లు ఉండగా, 2021 డిసెంబరు 10న మొదలై 2022 జనవరి 14న ముగిసిన ఆరో సీజన్‌లో ఆరే ఉన్న మాట నిజం. అయితే కథను ఆపిన చోటును కూడా చూడాలి. దీనికి ఆధారం జేమ్స్ ఎస్.ఎ. కోరీ అనే కలంపేరుతో ఇద్దరు రచయితలు రాసిన తొమ్మిది నవలలు. ఆరో నవలకూ ఏడో నవలకూ మధ్య కథాకాలం సుమారు ముప్పై ఏళ్లు ముందుకు జరుగుతుంది. సిరీస్ సరిగ్గా ఆ విరామం దగ్గర ఆగింది కనుక దాన్ని మధ్యలో తెగిన కథ అనలేము.

ఇక ఆ ఆరు ఎపిసోడ్లలో ఏముందో మీ వ్యాసం చెప్పనేలేదు. గ్రహశకలాల మీద స్థిరపడినవారి తిరుగుబాటు నాయకుడు మార్కో ఇనారోస్ విసిరిన గ్రహశకలాలు పడి భూమి మీద పంటలు దెబ్బతింటున్న రోజుల్లో కథ మొదలవుతుంది. ఆ యుద్ధం మధ్యలో శత్రునౌకను కూల్చే అవకాశం చేతికందినప్పుడు, అందులో తన సహచరి నయోమీకి మార్కో వల్ల కలిగిన కొడుకు ఫిలిప్ ఉన్నాడని చూసిన కథానాయకుడు, నౌక కెప్టెన్ హోల్డెన్, వదిలిన టార్పెడోను పేలకుండా చేస్తాడు. ఇది యుద్ధనీతి ప్రకారం తప్పని వాదించేవారు ఉంటారు, సాటి సిబ్బందే అతణ్ణి నిలదీస్తారు కూడా. కానీ ఆ కుర్రవాడు చివరకు తండ్రిని విడిచిపెట్టి తల్లి ఇంటిపేరు పెట్టుకోవడం చూసినప్పుడు, ఆ క్షణం ఎంత దూరం ఆలోచించి రాశారో నాకు అర్థమైంది. మార్కో ఓడిపోయేదీ ఫిరంగుల వల్ల కాదు. సుదూర నక్షత్ర లోకాలకు దారితీసే వలయద్వారం గుండా ఒక హద్దును మించిన ద్రవ్యరాశీ శక్తీ దాటితే నౌకలు మాయమవుతున్నాయని నయోమీ లెక్క కట్టి చెబుతుంది, ఆ లెక్కే అతని నౌకను మింగేస్తుంది. లెక్కలు చెప్పుకొని బతికినవాణ్ణి కాబట్టి, ఆ సన్నివేశం చూస్తూ నా కళ్లు చెమర్చాయని దాచుకోను.

అన్నిటికంటే ముఖ్యమైనది సంధి. గాలికీ నీటికీ ఇతరుల దయ మీద బతికిన గ్రహశకలవాసులకు, ఆ ద్వారాల గుండా రాకపోకలను చూసే రవాణా సంఘాన్ని అప్పగించాలన్నప్పుడు, ఇరుపక్షాలూ రాజీపడి భూమి మనిషి హోల్డెన్‌ను అధ్యక్షుణ్ణి చేస్తాయి. అతను తొలి సభలోనే రాజీనామా చేసి ఆ పదవిని వారిలో ఒకరైన కామినా డ్రమ్మర్‌కు ఇచ్చేస్తాడు. శాంతి నిలవాలంటే అవమానం పడ్డవారిని నమ్మక తప్పదని ఇంత సూటిగా చూపిన ముగింపు సైన్స్ ఫిక్షన్‌లో నేను మరొకటి చూడలేదు.

శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే మేడ ఎక్కి చూసే ఊరు మాది. ఈ సిరీస్‌లో నౌకలోని మనుషులకు బరువు ఇచ్చేది ఇంజను తోపుడే. సగం దారి వేగం పెంచుకుంటూ పోయి, నౌకను వెనక్కి తిప్పి, మిగతా సగం వేగం తగ్గించుకుంటూ వస్తారు. లిఫ్టు ఉదాహరణతో నేను తరగతిలో చెప్పిన పాఠం ఇదే. చివరి సీజన్‌లోనూ ఆ నియమాన్ని వదల్లేదు.

లోపం లేదని అనను. వలయద్వారం అవతల ఉన్న లకోనియా గ్రహం మీద కారా అనే చిన్నపిల్ల కథను ప్రతి ఎపిసోడ్ మొదట్లో చూపి, దాన్ని తేల్చకుండా వదిలివేయడం నాకూ కష్టం కలిగించింది. ఉన్న కొద్ది సమయాన్ని డ్రమ్మర్‌కు ఇచ్చి ఉంటే బాగుండేది.

మీ పత్రిక ఈ సిరీస్ మీద పూర్తి వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అందులో ఒక సవరణ కూడా చేయండి. ఆ భూమిని కష్టకాలంలో నడిపిన ఐక్యరాజ్యసమితి నాయకురాలి పేరును మీరు ‘క్రిస్జెన్ అవాసరల’ అని అచ్చువేశారు. ఆ ఇంటిపేరు మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన ‘అవసరాల’.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు