హాట్‌స్పాట్ వేడికి నెల్లూరు ఎండ కారణం కాదు

మాగుంట లేఅవుట్,
నెల్లూరు.

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీరు వాటర్ బ్లాక్ (చిప్‌ను నీటితో చల్లబరిచే పలక) బిగించి అమ్మిన గ్రాఫిక్స్ కార్డులో హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కే చోటు) ఉష్ణోగ్రత మితిమీరడం, అసలు లోపం చూడకుండా నా చేత అదనపు రేడియేటర్ కొనిపించడం గురించి.

ఆర్యా,

గత నవంబరులో మీ హైదరాబాదు కేంద్రం నుంచి నేనొక కంప్యూటర్ కొన్నాను. అందులోని ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3090 కార్డుకు మీరే వాటర్ బ్లాక్ బిగించి, నీటి వేడిని గాలికి వదిలే 360 మిల్లీమీటర్ల రేడియేటర్‌తో కలిపి, పూర్తి లోడులో పరీక్షించి పంపుతున్నట్టు ఇన్వాయిస్ మీద రాశారు. నెల్లూరు, కావలి, ఒంగోలులలో ఇళ్లు కట్టే బిల్డర్లకు, ఇంటి లోపల నడిచి చూసినట్టు చూపే వాక్‌త్రూ వీడియోలు తయారు చేసి ఇవ్వడం నా వృత్తి. రాత్రి రెండరింగ్ (కంప్యూటర్ నమూనాను వీడియోగా మార్చే పని) పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి పని పూర్తి కావాలి గనుక, ఫ్యాన్ల రొద లేకుండా కార్డు చల్లగా ఉండాలన్న ఒక్క ఉద్దేశంతోనే వాటర్ కూలింగ్‌కు అంత డబ్బు పెట్టాను.

కంప్యూటర్ వచ్చిన మొదటి వారంలోనే రెండరింగ్ సగంలో నెమ్మదించడం గమనించాను. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచి చూస్తే జీపీయూ (కార్డులోని ప్రధాన చిప్) ఉష్ణోగ్రత 58 డిగ్రీలు, హాట్‌స్పాట్ 98 డిగ్రీలు ఉన్నాయి. చిప్ మీద పలుచోట్ల ఉన్న సెన్సర్లలో అన్నిటికంటే ఎక్కువ వేడి చూపేదే హాట్‌స్పాట్ అంకె. వాటర్ బ్లాక్ సరిగ్గా కూర్చున్న కార్డులో ఈ రెండు అంకెల మధ్య 10 నుంచి 15 డిగ్రీల తేడా ఉండడం మామూలే. 40 డిగ్రీల తేడా ఉందంటే చిప్‌లో ఒక భాగానికి చల్లదనం అందడం లేదని అర్థం. ఈ సంగతి రాసి, రీడింగుల ఫొటోలు జతచేసి మీకు మెయిల్ పంపాను.

దానికి మీ సాంకేతిక విభాగం ఇచ్చిన జవాబు ఒక్కటే వాక్యం: "మీ ప్రాంతంలో ఎండలు ఎక్కువ, గది చల్లగా ఉంచుకోండి." రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట మాకు తెలియనిది కాదు. అయితే నేను మీకు రాసింది డిసెంబరులో. ఆ రీడింగు తీసింది తెల్లవారుజామున అయిదు గంటలకు, గదిలో 25 డిగ్రీలు ఉన్నప్పుడు. అయినా మీ మాటను తోసిపుచ్చకుండా, మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం కావాలనే ఏసీ ఆపి, గది 34 డిగ్రీలకు చేరాక అదే సీనును అదే 350 వాట్ల లోడుతో మళ్లీ నడిపాను. జీపీయూ 67కు, హాట్‌స్పాట్ 106కు చేరాయి, చిప్ పనిచేసే వేగం (క్లాక్) కూడా పడిపోయింది. గది తొమ్మిది డిగ్రీలు వేడెక్కితే రెండు అంకెలూ దాదాపు అంతే పెరిగాయి తప్ప వాటి మధ్య తేడా మాత్రం 39 దగ్గరే నిలిచింది. గది వేడి, నీటి వేడి రెండు అంకెలనూ కలిపి పైకి మోస్తాయి. లోడు మారనప్పుడు వాటిని ఒకదానికొకటి ఇంతగా దూరం చేసేది చిప్‌కూ, బ్లాక్‌లోని రాగి పలకకూ మధ్య ఉన్న అతుకు మాత్రమే. ఈ లేఖలో నేను చెప్పదలచిన అసలు విషయం ఇదే. మీ సిబ్బందిలో ఒక్కరైనా దీన్ని మొదటి రోజే ఆలోచించి ఉంటే ఈ ఆరు నెలల గొడవ ఉండేది కాదు.

ఈలోగా జనవరిలో, రేడియేటర్ చాలడం లేదని చెప్పి మరొక 360 మిల్లీమీటర్ల రేడియేటర్‌ను 11,800 రూపాయలకు నా చేత కొనిపించారు. అది బిగించాక నీళ్లు నాలుగు డిగ్రీలు చల్లబడిన మాట నిజమే. జీపీయూ 54కు, హాట్‌స్పాట్ 94కు దిగాయి. తేడా మళ్లీ 40. మే నెల పరీక్షలో ఆ రెండో రేడియేటర్‌ను నీళ్లు తిరిగే లూపు నుంచి తప్పించి, మీరు పంపినప్పుడు ఉన్న అమరికతోనే నడిపాను కాబట్టి పై అంకెలను డిసెంబరు అంకెలతో నేరుగా పోల్చుకోవచ్చు. తరవాత ఫోనులో మాట్లాడిన మీ ఇంజనీరు, చిప్‌కూ పలకకూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ కాలక్రమంలో చిప్ అంచులకు జరిగిపోవడం సహజమని చెప్పారు. వేడెక్కి చల్లబడడం పదే పదే జరిగితే పేస్ట్ అలా జరిగే మాట వాస్తవమే గానీ, అందుకు నెలలు పడుతుంది. నా కార్డులో ఈ తేడా మొదటి వారంలోనే ఉంది.

చివరకు జూన్ మొదటి వారంలో, వారంటీకి భంగం రాదని మీరు మెయిల్‌లో రాసి ఇచ్చిన తరవాతే, ఇక్కడి ఒక అనుభవజ్ఞుడైన మెకానిక్‌ను ఇంటికి పిలిచి నీళ్లు తీసేసి కార్డు విప్పించాను. కింద తెల్లని పంచె పరిచి, ఒక్కో స్క్రూను తీసిన చోటికి గుర్తుగా కాగితం మీద అంటించి, ప్రతి దశనూ ఫొటో తీశాము. బ్లాక్ పైకి లేవగానే విషయం తేటతెల్లమైంది. చిప్‌కు ఒక అంచున పేస్ట్ పల్చని పొరగా పరుచుకుంది. ఎదుటి మూల మాత్రం గోరుతో గీస్తే గాడి పడేంత మందంగా, పూసినది పూసినట్టే, నొక్కుడు ఎరగకుండా ఉంది. ఈ చిప్ వైశాల్యం 628 చదరపు మిల్లీమీటర్లు. కార్డు లాగే 350 వాట్లలో సింహభాగం ఆ బొటనవేలంత జాగా గుండానే బయటికి పోవాలి. అలాంటి చోట ఒక మూల పలక ఆనకపోతే రేడియేటర్లు ఎన్ని పెట్టినా ఏం లాభం?

పలక ఎందుకు ఆనలేదో మెమరీ చిప్పుల వేడిని బ్లాక్‌కు చేరవేసే ప్యాడ్లు చెప్పాయి. మీ సొంత బిగింపు పుస్తకంలో ముందువైపు మెమరీకి 1 మిల్లీమీటరు ప్యాడ్ వాడాలని బొమ్మ గీసి మరీ ఉంది. మా వీధిలోని లేత్ షాపు నుంచి వెర్నియర్ కాలిపర్ తెచ్చి, నొక్కుడు పడని అంచు దగ్గర కొలిస్తే ఒకవైపు వరుసలో ఉన్నవి 1.5 మిల్లీమీటర్లు తేలాయి. మెమరీ చిప్పుల అచ్చులు వాటిలో లోతుగా దిగబడి ఉన్నాయి. అంటే బ్లాక్ బరువంతా ఆ గట్టి ప్యాడ్లే మోశాయి, చిప్‌కు అందవలసిన ఒత్తిడి అందలేదు. నా రీడింగుల్లో మెమరీ ఎప్పుడూ 70 దాటకపోవడం చూసి మీ ఇంజనీరు "కూలింగ్ బాగానే పనిచేస్తోంది" అన్నారు. అది మంచి లక్షణం కాదు, అదే ఈ లోపానికి ఆనవాలు. దీనికి తోడు చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగు స్క్రూలలో, పేస్ట్ మందంగా ఉన్న మూలదే ఒకటిన్నర చుట్టు వదులుగా ఉంది. లారీ ప్రయాణంలో వదులైందని మీరు అనవచ్చు గానీ, ప్రయాణంలో 1 మిల్లీమీటరు ప్యాడ్ 1.5 కాదు.

కొత్తగా 1 మిల్లీమీటరు మెత్తటి ప్యాడ్లు, మంచి పేస్ట్ తెప్పించి, స్క్రూలను ఎదురెదురు మూలలుగా తలా అరచుట్టు చొప్పున బిగించాము. మళ్లీ నీళ్లు నింపి, రెండు రేడియేటర్లతో, గది 25 డిగ్రీల దగ్గర ఉండగా అదే సీను నడిపితే జీపీయూ 47, హాట్‌స్పాట్ 59. తేడా 12. మెకానిక్ కూలితో కలిపి అయిన ఖర్చు 3,440 రూపాయలు. మరమ్మతుకు పట్టింది ఒక్క పూట.

కాబట్టి మీరు కొనిపించిన రెండో రేడియేటర్‌ను వెనక్కి తీసుకుని 11,800 రూపాయలు, మరమ్మతుకు అయిన 3,440 రూపాయలు నాకు తిరిగి చెల్లించాలి. కార్డు విప్పినందుకు వారంటీ రద్దు కాలేదని మెయిల్‌లో కాక కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వాలి. నా కంప్యూటర్‌తో పాటు అదే వారంలో బిగించిన ఇతర కార్డులను కూడా పిలిపించి ప్యాడ్లు చూడడం మీ బాధ్యత అని నా అభిప్రాయం. ఇన్వాయిస్‌లో పేర్కొన్న పరీక్షలో నా కార్డుకు వచ్చిన హాట్‌స్పాట్ రీడింగు ప్రతిని కూడా పంపించండి. ఆ పరీక్ష నిజంగా జరిగి ఉంటే ఈ లోపం మీ బల్ల మీదే బయటపడేది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకమైన జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే వస్తువు కొన్నవాడూ వినియోగదారుడే, అతడు తాను నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. హైదరాబాదు రావలసిన అవసరం నాకు లేదు. ఇన్వాయిస్ నకలు, డిసెంబరు నుంచి జూన్ వరకు తీసిన రీడింగులు, కార్డు విప్పినప్పటి ఫొటోలు ఈ లేఖకు జతచేశాను. తీసేసిన పాత ప్యాడ్లను కవరులో భద్రపరిచాను. మీ ప్రతినిధి ఎవరైనా వస్తే వారి ఎదుటే మళ్లీ కొలిచి చూపిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
నెల్లూరు.